వీధికుక్కకు యజమాని ఎవరు?
విశాఖపట్టణమున జంతునియంత్రణ చట్టముల చరిత్ర

పూర్వము ఆంధ్రదేశమున పెద్ద గ్రామములందెల్ల బందెలదొడ్డి ఉండెడిది. మేత వెదకుకొనుచు పరుల చేలలో పడిన పశువును రైతు పట్టి, తోలుకొనివచ్చి, అచ్చట కట్టివేయును. యజమాని వచ్చి జరిమానా చెల్లించి విడిపించుకొనిపోవును. ఇది కేవలము గ్రామాచారము కాదు. బ్రిటిషు ఇండియాలో 1857లో దీనికొక చట్టము పుట్టినది. 1871లో దానిని మార్చి 'పశువుల అక్రమప్రవేశ చట్టము'ను చేసిరి. ఆ చట్టమునందు జరిమానా పట్టిక యున్నది. ఏనుగునకు 2 రూపాయలు. ఒంటెకు, గేదెకు 8 అణాలు. గుఱ్ఱము, ఎద్దు, ఆవు మొదలగువానికి 4 అణాలు. దూడ, గాడిద, పంది వీనికి 2 అణాలు. గొఱ్ఱెకు, మేకకు 1 అణా. ఏడు దినములలో ఎవరును రానిచో దొడ్డికాపరి పోలీసువారికి తెలుపవలెను. ప్రకటన చేసి మరి యేడు దినములు వేచినను యజమాని రాకున్న, జంతువును వేలము వేయవలెను.

ఏనుగు మొదలు మేకపిల్ల వరకు పేర్లు గల ఈ పట్టికలో కుక్క లేదు. కారణము స్పష్టమే. దొడ్డిలో కట్టిన ఆవుకొరకు ఎవరో యొకరు తప్పక వత్తురు. ఆవునకు వెల యున్నది. కుక్క విషయమట్లు కాదు. మూడిండ్ల అన్నము తిని నాలుగవ ఇంటి అరుగుమీద పండుకొను కుక్క ఎవరిది? అది దొంగను చూచి మొరిగినప్పుడు వీధివారందరిదిగాను, పిల్లవానిని కరచినప్పుడు ఎవరిదియు కానిదిగాను ఉండును. విశాఖపట్టణమువంటి నగరములలో జంతునియంత్రణ చట్టములు నూరేండ్లకు పైగా పడిన చిక్కంతయు ఈ ప్రశ్నయొద్దనే యున్నది.

యజమాని బాధ్యత యను భావము మన దేశమునకు క్రొత్తది కాదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయములో దీనినిగూర్చి స్పష్టమైన విధి కలదు. కోరలు గల జంతువుగాని, కొమ్ములు గల జంతువుగాని ఒకనిపై బడుచుండగా, ఆపుటకు శక్తి యుండియు ఆపని యజమాని 'ప్రథమసాహస'మను దండము చెల్లింపవలెను. బాధితుడు రక్షింపుమని కేకలు వేసినను కదలనిచో దండము రెట్టింపు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరా వ్యాఖ్యను అనుసరించి 13వ శతాబ్దమున కేతన తెలుగులో 'విజ్ఞానేశ్వరీయము' రచించెను. ఇంగ్లీషువారి కాలమున వచ్చిన 1860 నాటి శిక్షాస్మృతిలోని 289వ సెక్షను చెప్పునదియు ఇంచుమించు ఇదియే: తన స్వాధీనములోనున్న జంతువువలన మనుష్యులకు అపాయము కలుగకుండ తగిన జాగ్రత్త తీసికొననివానికి ఆరు నెలలవరకు ఖైదుగాని, వేయి రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

అదే శిక్షాస్మృతిలో 428వ సెక్షను మరియొకటి కలదు. పది రూపాయలు, అంతకుమించి వెలగల జంతువును చంపుటగాని, అంగవిహీనము చేయుటగాని దానిప్రకారము నేరము. 1860లో పది రూపాయలనగా సామాన్యమైన సొమ్ము కాదు. వీధికుక్కకు ఆ వెల ఎవరు కట్టగలరు? అనగా, యజమాని లేని కుక్క చేసిన హానికి జవాబుదారి లేడు. దానికి జరిగిన హానికిని ఈ సెక్షను వర్తించుట కష్టమే.

చట్టము కుక్కవైపు చూచుటకు ముఖ్యకారణము జలభీతి వ్యాధి. రేబీస్ అని, పిచ్చికుక్క కాటు జబ్బు అని ప్రజలు వ్యవహరించునది ఇదియే. వ్యాధిగ్రస్తమైన కుక్క లాలాజలములో వైరస్ ఉండును. కాటు గాయముద్వారా ప్రవేశించి, అది రక్తములోగాక నరములవెంట మెల్లమెల్లగా మెదడువైపు ప్రయాణించును. ఈ ప్రయాణమునకు సామాన్యముగ ఒకటి మొదలు మూడు నెలలు పట్టును. ఆ వ్యవధిలో టీకా వేసినచో మనిషి బ్రతుకును. మెదడు చేరి లక్షణములు పైకి కనిపించిన తరువాత మరణము దాదాపు నిశ్చయము. కాటు తగిలిన వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు గాయమును కడుగుడని వైద్యులు చెప్పుటకు కారణము, వైరస్ నరమును చేరకముందే దానిని తగ్గించుట. పసుపు, కారము, సున్నము అద్దుట ఈ పనిని చేయజాలదు. పైపెచ్చు గాయమును రేపును.

1885 జులై 6న పారిసు నగరములో లూయీ పాస్టరు, కుక్క కరచిన జోసెఫ్ మైస్టరు అను బాలునికి మొదటిసారి ఈ టీకాను వేయించెను. మన దేశమున 1900లో కసౌలీలోను, 1907లో దక్షిణదేశము కొరకు నీలగిరులలోని కూనూరులోను పాస్టరు సంస్థలు వెలసినవి. విశాఖపట్టణమున పిచ్చికుక్క కరచినవాడు రైలులో మద్రాసు చేరి, అచ్చటినుండి మేట్టుపాళయము మీదుగా కొండరైలెక్కి కూనూరు పోవలెనన్నమాట. వైరస్‌కును రైలుకును పందెము! కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో రూపొందించిన టీకా, గొఱ్ఱె మెదడునుండి తీసి కార్బాలిక్ ఆమ్లముతో నిర్జీవము చేసినది. దానిని నిలువయుంచి దూరప్రాంతములకు పంపుట సాధ్యమైనందున ఊరూర ఆసుపత్రులలో చికిత్స లభించెను. పెద్దవారు ఇప్పటికిని చెప్పుకొను 'బొడ్డుచుట్టు పద్నాలుగు సూదులు' అవియే. ఆ మందులోని మెదడు పదార్థమువలన కొందరికి పక్షవాతమువంటి ఉపద్రవములు కలుగుచుండెను. కావున దాని ఉత్పత్తి 2004 డిసెంబరుతో మన దేశమున ఆగిపోయినది. నేడు వేయునవి కణవర్ధనమున తయారైన టీకాలు. 1982లో జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి మండలి హైదరాబాదులో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ మనుష్యులకును, కుక్కలకును కావలసిన టీకాలను రెంటిని తయారుచేయుచున్నది.

చికిత్స దూరముగనున్న కాలమున పాలకులకు తోచిన ఉపాయమొక్కటియే: కుక్కలను చంపుట. బొంబాయిలో ఈస్టిండియా కంపెనీవారు వేసవిలో కుక్కలను చంపించుచు, చంపిన ప్రతి కుక్కకు అర్ధరూపాయ బహుమానమిచ్చుచుండిరి. బహుమానమునకు ఆశపడినవారు ఇండ్లలోని పెంపుడు కుక్కలనుగూడ వదలలేదు. కుక్కను పవిత్రముగ భావించు పార్శీలు 1832 జూన్ 6న తిరుగబడిరి. మరునాడు అంగళ్ళు మూతబడినవి, సైన్యమును పిలువవలసివచ్చినది. కుక్కకు వెల లేదని చట్టము భావించినను ప్రజలందరు అట్లు భావింపలేదని ఈ సంఘటన తెలుపుచున్నది. మద్రాసు నగరములో పట్టి చంపు పద్ధతి 1860లో ఆరంభమైనదని బ్లూ క్రాస్ సంస్థవారు చెప్పుదురు.

విశాఖపట్టణము ఆ కాలమున మద్రాసు రాజధానిలోని యొక చిన్న పట్టణము. 1901లో దాని జనాభా సుమారు 41 వేలు మాత్రమే. పట్టణపాలన వరుసగా 1865, 1871, 1884, 1920 సంవత్సరములలో వచ్చిన మద్రాసు పురపాలక చట్టముల ననుసరించి జరిగినది. వీనిలో చివరిదైన 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టములో జంతువులనుగూర్చిన విధులు రెండు తెగలుగా నున్నవి. మొదటిది: ఎవరును తమ ఆవరణలో ఇరుగుపొరుగువారికి బాధగాగాని, అపాయకరముగాగాని జంతువులను ఉంచరాదు. రెండవది: లైసెన్సు లేక వీధులలో తిరుగు పందులను, కుక్కలను చంపుదుమని బహిరంగ ప్రకటన చేయుటకు పురపాలక సంఘమునకు అధికారము కలదు. మొదటి విధి యజమానిపైన, రెండవ విధి జంతువుపైన గురిపెట్టినది. 'లైసెన్సు లేని' యను మాట రెండింటిని కలుపవలసిన వంతెన. లైసెన్సు యజమాని చేయించవలసినది. అది లేకపోయిన శిక్ష మాత్రము కుక్కకు!

ఆచరణలో నిలిచినది రెండవ విధియే. యజమానిని వెదకి, లైసెన్సు వ్రాయించి, ఏటేట సరిచూచుటకంటె, ఉచ్చుతో కుక్కను పట్టుట మునిసిపాలిటీకి సులభము. 1965లో ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టము వచ్చినది. 1979లో విశాఖపట్టణము కార్పొరేషను అయినప్పుడు, 1955 నాటి హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషనుల చట్టములోని విధులే ఈ నగరమునకును వర్తింపజేయబడినవి. చట్టముల పేర్లు మారినవికాని, కుక్కలబండి మారలేదు.

సరిగా ఈ కాలముననే ఇతరదేశములు కొన్ని మొదటి విధిని పట్టుకొని వ్యాధిని జయించినవి. బ్రిటనులో 1867లో కుక్కకు ఏటేట లైసెన్సు తీసికొనవలెనను చట్టము వచ్చెను. పిమ్మట, వ్యాధి కనిపించిన ప్రాంతములలో కుక్క మూతికి చిక్కము లేకుండ వీధిలోనికి తేరాదని ఉత్తరువులు చేసిరి. ఆ దేశపు ప్రజలలో ఎందరో దీనిని ఎగతాళి చేసిరి, కొందరు ఆగ్రహించిరి. విదేశములనుండి వచ్చు కుక్కను 1901 నుండి ఆరు నెలలు వేరుగా ఉంచిరి. 1902 నాటికి జలభీతి ఆ ద్వీపమున అంతరించెను. 1918లో, మొదటి ప్రపంచయుద్ధమునుండి మరలిన సైనికులు దొంగతనముగ తెచ్చిన కుక్కలవలన అది ప్లిమత్ రేవు ప్రాంతమున మరల తలయెత్తి, 1922లోగాని తొలగిపోలేదు. ఓడరేవు గల పట్టణమునకు జంతువులనుగూర్చిన జాగ్రత్త ఎందుకు ఎక్కువ కావలెనో ఇది చక్కగా తెలుపును.

జపానుదేశము 1950లో జలభీతి నివారణ చట్టము చేసెను. ప్రతి పెంపుడు కుక్కను నమోదు చేయించి, ఏటేట టీకా వేయించి, గుర్తుబిళ్ళను మెడకు కట్టవలెను. అంతటితో ఆగక, యజమాని లేని కుక్కలను పట్టి తొలగించిరను మాటయు దాచదగినది కాదు. ఏడేండ్లు తిరుగక పూర్వమే, 1957 నాటికి, ఆ దేశమున జంతువులలో వ్యాధి సమసిపోయినది. అచ్చట కుక్కలలో అధికభాగము ఒక ఇంటికి చెందినవిగా నుండుట ఈ విజయమునకు మూలము. అట్టి నమోదు పుస్తకము లేనిచోట తొలగించుటయను రెండవ సగము మాత్రమే మిగులును. విశాఖలో మిగిలినదియు అదియే.

అది ఏల ఫలింపదో తెలిసికొనుటకు నగరము పెరిగిన తీరును చూడవలెను. 1933లో రేవు తెరవబడినది. తరువాత నౌకానిర్మాణశాల, 1957లో చమురుశుద్ధి కర్మాగారము వచ్చినవి. ప్రజల ఆందోళన ఫలితముగ 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగి, 1992లో అది జాతికి అంకితమయ్యెను. 2005లో గాజువాకను, చుట్టుపట్ల గ్రామములను కలుపుకొని మహావిశాఖ నగరపాలక సంస్థ ఏర్పడినది. 2011 జనాభా లెక్కలనాటికి నగరవాసులు 17 లక్షలు దాటిరి. నిన్నటివరకు గ్రామములైనవి వార్డులైనవి. గ్రామములలోని కుక్కలును, పశువులును అట్లే నగరవాసులైనవి. చేపలరేవులో పారవేయు చేపల తలలు, పూర్ణామార్కెటులోని మాంసపు తునుకలు, హోటళ్ళ వెనుక ఎంగిలాకులు, నిండి పొర్లు చెత్తకుండీలు — ఇవి యున్నంతకాలము ఒక వీధి ఇన్ని కుక్కలను పోషింపగలదను లెక్క దానంతట అదే ఏర్పడును.

ఒక వీధిలోని ఆహారము ఇరువది కుక్కలకు చాలుననుకొందము. పదింటిని పట్టి చంపిరి. మిగిలిన పదింటికి రెట్టింపు తిండి దొరకెను. ఆడుకుక్క సుమారు 63 దినములు గర్భము మోసి, ఏడాదికి రెండు ఈతలవరకు ఈనగలదు. ఒక్కొక్క ఈతకు నాలుగైదు పిల్లలు. ఆకలితో చావవలసిన పిల్లలు ఇప్పుడు బ్రతుకును. ప్రక్కవీధి కుక్కలు ఖాళీ చోటులోనికి చొరబడి, హద్దులకొరకు పోరాడును. పోరాటములలో కాట్లు, కాట్లతో వ్యాధి. ఏడాది తిరుగునప్పటికి మరల ఇరువది. వధవలన మాత్రమే కుక్కల సంఖ్యగాని, జలభీతిగాని తగ్గినట్లు నిదర్శనము లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1990 ప్రాంతమున తెలిపినది. మద్రాసులో 1860లో స్వల్పముగ మొదలైన వధ 1995 నాటికి దినమునకు 135 కుక్కలకు చేరెనని బ్లూ క్రాస్‌వారి లెక్క. పని ఫలించుచున్నచో పెరుగవలసిన అంకె కాదది.

ఈ లెక్కను అడ్డము తిప్పి చూచినది మద్రాసులోనే. 1959లో కెప్టెను వి. సుందరం స్థాపించిన బ్లూ క్రాస్ సంస్థ 1964 నుండి ఒక క్రొత్త మార్గమును చెప్పుచు వచ్చెను: కుక్కలను పట్టుడు, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటనే విడువుడు. అది అక్కడి ఆహారమును, హద్దును కాపాడుకొనును, క్రొత్త కుక్కను రానీయదు, పిల్లలను కనదు. ఈ వాదమును మద్రాసు కార్పొరేషను ఆమోదించుటకు ముప్పది ఏండ్లకు పైగా పట్టెను. 1996లోగాని అది సాధ్యము కాలేదు. సరిగా ఆ సంవత్సరముననే విశాఖపట్టణమున 'విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ ఏనిమల్స్' అను సంఘమును ప్రదీప్ కుమార్ నాథ్ నెలకొల్పిరి. వీధికుక్కల వధను ఎదిరించి, దానికి మారుగా సంతాననిరోధ శస్త్రచికిత్సను ఈ నగరమున ప్రచారము చేసి నడిపినవారిలో ఈ సంఘమువారు ముఖ్యులు.

దేశమంతటికి వర్తించు చట్టము ఈ మార్గమునకు వచ్చుట మెల్లగా జరిగినది. రాజ్యసభ సభ్యురాలుగానున్న రుక్మిణీదేవి అరండేల్ జంతుహింసా నివారణకై ఒక బిల్లును ప్రవేశపెట్టిరి. ప్రభుత్వమే తగిన చట్టము చేయునని నెహ్రూ చెప్పగా దానిని ఉపసంహరించుకొనిరి. తత్ఫలితమే 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము. దాని క్రింద 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. ఈ చట్టములోని 11వ సెక్షను చదువదగినది. ఆకలిదప్పులతో బాధపడునట్లు జంతువును విడిచిపెట్టుట నేరము. అంటురోగము గల జంతువును తెలిసి తెలిసి వీధిలోనికి వదలుట నేరము. ఇవి రెండును యజమాని నేరములు. మొదటి తప్పునకు చట్టము విధించిన జరిమానా 10 రూపాయలకు తక్కువ కాకుండ, 50 రూపాయలకు మించకుండ. 1960లో అది కొంత బరువే. రూపాయి విలువ పడిపోయినకొలది అది శిక్షగా నిలువలేదు. అదే సెక్షనులో వీధికుక్కలను ప్రత్యేకమైన గదులలోగాని, నియమములలో చెప్పబడు మరియొక విధముగాగాని చంపుట హింస కాదనియు వ్రాయబడినది. దయ కొరకు వచ్చిన చట్టమే వధకు తలుపు తెరచియుంచినది.

2001 డిసెంబరులో కేంద్రప్రభుత్వము ఈ చట్టముక్రింద జంతు సంతాననిరోధ నియమములను వెలువరించి, ఆ తలుపును చాలవరకు మూసెను. వీధికుక్కలకు శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటనే విడువవలెను. జబ్బుతో కోలుకొనలేనివానికి, ప్రాణాంతకముగ గాయపడినవానికి పశువైద్యుడు బాధలేని మరణము కలిగింపవచ్చును. జలభీతి యున్నట్లు అనుమానింపబడిన కుక్కను వేరుగా ఉంచవలెను. చికిత్స పొందిన కుక్కను గుర్తించుటకు, మత్తులోనున్నప్పుడే చెవి కొనను చిన్న నొక్కు కత్తిరింతురు. వీధిలో ఒక చెవి కొన తెగియున్న కుక్క కనిపించినచో, అది పోట్లాటలో తగిలిన గాయమనుకొనరాదు; చాలవరకు అది నగరపాలక సంస్థవారి సంతకము.

ఎన్ని కుక్కలకు టీకా వేసినచో వ్యాధి ఆగును? విద్యార్థులు అంకగణితముతోనే దీనిని గ్రహింపవచ్చును. జలభీతి సోకిన ఒక కుక్క సగటున రెంటికంటె తక్కువ కుక్కలకు వ్యాధిని అంటించునని పరిశోధకుల అంచనా. కావున నూటికి ఏ నలువదింటికో రక్షణ యున్నను గొలుసు తెగవలెను. అయినను ప్రపంచ ఆరోగ్యసంస్థ నూటికి డెబ్బది అని ఏల చెప్పుచున్నది? టీకా పడిన కుక్కలు కొన్ని చచ్చుచుండును, టీకా లేని పిల్లలు పుట్టుచుండును. డెబ్బదితో మొదలిడినచో, మరుసటి యేటి టీకాలవరకు రక్షణ ఆ హద్దునకు దిగువ పడిపోదు. ఈ లెక్కలో వధ ఎంత విపరీతపు పనియో చూడుడు: టీకా పడిన కుక్కను చంపినచో దాని స్థానమున పుట్టునది టీకా లేని పిల్ల. జైపూరులో 1994 చివర ఆరంభమైన శస్త్రచికిత్స, టీకా కార్యక్రమమును పరిశీలించి 2006లో ప్రకటించిన వ్యాసము, కార్యక్రమము జరిగిన ప్రాంతమున మనుష్యులలో జలభీతి సమసిపోయెననియు, కుక్కల సంఖ్య నూటికి 28 వంతులు తగ్గెననియు తెలిపినది. గోవాలో 2013 నుండి కుక్కలకు విరివిగా టీకాలు వేసి ఇట్టి ఫలితమునే సాధించిరి. మొత్తము దేశములో ఏటేట ఈ వ్యాధివలన మరణించువారు సుమారు 5,700 మంది యని ఇటీవలి భారత వైద్యపరిశోధనా మండలి సర్వేక్షణ అంచనా. ప్రపంచ ఆరోగ్యసంస్థ పూర్వపు అంచనాలకంటె ఇది చాల తక్కువ. అయినను టీకా యుండగా ఒక్క మరణమైనను ఏల?

2001 నియమములలో ఎక్కువమంది చదువక విడిచిన భాగమొకటి కలదు. మూడవ నియమము కుక్కలను పెంపుడు కుక్కలు, వీధికుక్కలు అని రెండు తెగలుగా చీల్చి, పెంపుడు కుక్కల సంతాననియంత్రణము, టీకా, శస్త్రచికిత్స, లైసెన్సు వీని బాధ్యత యజమానిదే యని స్పష్టముగ చెప్పెను. నగరములలో వివాదమంతయు వీధికుక్కలచుట్టు తిరుగుచుండగా ఈ వాక్యము మూలపడియున్నది. విదేశపు జాతికుక్కపిల్లను ముచ్చటపడి కొని, పెరిగిన తరువాత భరింపలేక సముద్రతీరపు దారిలో వదలివేయువాడు వీధికుక్కను పుట్టించుచున్నాడు. పగలు ఇంటనుంచి రాత్రి వీధిలోనికి వదలువాడును అట్లే. కుక్కపిల్లకు మూడవ నెలలో జలభీతి టీకా వేయించి, పశువైద్యుడు చెప్పినట్లు మరల మరల వేయించవలెను. లైసెన్సు వసూలుకొరకే కాదు; కరచిన కుక్కకు టీకా పడినదో లేదో వైద్యునికి తెలియుటకు అంతకంటె మంచి పత్రము లేదు. 2017లో కుక్కల పెంపకము, అమ్మకములనుగూర్చియు, 2018లో పెంపుడు జంతువుల దుకాణములనుగూర్చియు వేరు నియమములు వచ్చినవి. 2023 మార్చిలో 2001 నియమముల స్థానమున క్రొత్త నియమములు వచ్చి, వీధికుక్కకు 'సమాజ జంతువు' అను పేరు పెట్టినవి. మూడిండ్ల అన్నము తిను కుక్కకు చట్టము తొలిసారిగా ఒక చిరునామా ఇచ్చినదన్నమాట.

పేరు మారినంతమాత్రమున భయము పోదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుని వీధికుక్కల గుంపు కరచి చంపినది. ఆ బాలుడు పోయినది వ్యాధివలన కాదు, దాడివలన. శస్త్రచికిత్స ముందుముందు సంఖ్యను తగ్గించును, టీకా వ్యాధిని ఆపును. నేడు వీధి మూలనున్న గుంపు కోరలను అవి వెంటనే మొద్దుబరచవు. జంతుప్రియులు ఈ సంగతిని ఒప్పుకొననంతకాలము, బిడ్డను పోగొట్టుకొన్నవారు వారి మాట వినరు. చంపుటయే మార్గమనువారును 1860 నాటి లెక్కకు జవాబు చెప్పవలసియున్నది.

1860 శిక్షాస్మృతి స్థానమున 2024 జులై 1న భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. జంతువువిషయమున అజాగ్రత్త చూపిన యజమానికి జరిమానా 5,000 రూపాయలవరకు పెరిగినది. జంతువును చంపుట నేరమగుటకు పది రూపాయల వెల యుండవలెనను మాట తొలగినది; 325వ సెక్షను ప్రకారము జంతువు ఏదైనను, వెల ఎంతైనను నేరమే.

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ధర్మాసనమొకటి ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలనన్నిటిని పట్టి ఆశ్రయములలో ఉంచవలెనని ఆజ్ఞాపించెను. దేశమంతట వాదోపవాదములు చెలరేగగా, ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని సవరించెను. శస్త్రచికిత్స, టీకా పొందిన కుక్కలను పట్టినచోటనే విడువవలెను. జలభీతి గలవానిని, దూకుడు గలవానిని మాత్రము విడువరాదు. కుక్కలకు అన్నము పెట్టుటకు ప్రత్యేకస్థలములు ఏర్పరుపవలెను. ఈ వ్యవహారము రాష్ట్రములన్నిటికి విస్తరింపబడినందున విశాఖ నగరపాలక సంస్థయు దీని పరిధిలోనికి వచ్చినది. నవంబరు 7న మరియొక ఉత్తరువు వెలువడినది. జాతీయ రహదారులమీద తిరుగు పశువులను తొలగించి గోశాలలకు, దొడ్లకు తరలింపవలెను. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు, రైల్వే స్టేషనులు, క్రీడాస్థలములు వీనిలోని వీధికుక్కలను పట్టి, శస్త్రచికిత్స, టీకా ముగించి, ఆశ్రయములలో ఉంచవలెను. తిరిగి అచ్చట విడువరాదు. 1871 నాటి పట్టికలో చోటు లేని కుక్కకు ఇట్లొక దొడ్డి యేర్పడినది. దానిని విడిపించుకొనుటకు వచ్చు యజమాని మాత్రము ఇంకను లేడు. అదే ఉత్తరువు ప్రకారము ప్రతి పాఠశాలయు తన ఆవరణకు కంచెగాని, గోడగాని కట్టించుకొని, ఈ పనికి ఒక బాధ్యతాధికారిని నియమించి, ఆయన వివరములను ప్రవేశద్వారమువద్ద పలకపై వ్రాయింపవలెను. స్థానిక సంస్థవారు మూడు నెలలకొక పర్యాయమైనను వచ్చి తనిఖీ చేయవలెను.